రాత్రి వానలో రంగు లైట్ల ఫోటోలు: అందరూ అడిగేవి, నేను చెప్పేవి

జూన్ రెండో వారంలో హైదరాబాద్‌లో నాలుగు చినుకులు పడ్డాయంటే చాలు, నాకు ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. "అన్నా, నిన్న రాత్రి కోఠిలో తీశాను, కళ్లకి ఎంత బాగుందో చెప్పలేను, ఫోటోలో మాత్రం బురద రోడ్డు, నాలుగు తెల్ల మచ్చలు వచ్చాయి, ఎక్కడ తప్పు చేశాను?" ఒక్కొక్కరికీ విడిగా రాసే ఓపిక అయిపోయింది కాబట్టి అన్నీ ఒకేచోట పెడుతున్నాను. నేను ఎక్కువగా తిరిగేది కోఠి, ఆబిడ్స్, మొజంజాహీ మార్కెట్, చార్మినార్ వైపు, అందుకే ఉదాహరణలన్నీ అక్కడివే. కోస్తావాళ్లు ఇంకా అదృష్టవంతులు, అక్టోబరు, నవంబరులో ఈశాన్య రుతుపవనాలు మీకు ఇంకో విడత ఇస్తాయి.

వాన పడుతుంటే వెళ్లాలా, తగ్గాక వెళ్లాలా?

ఒక్కటే ఎంచుకోమంటే, తగ్గిన వెంటనే. షాపుల చూరు కింద ముప్పావుగంట నిలబడి విసిగిపోయిన జనం అప్పుడే ఒక్కసారిగా రోడ్డెక్కుతారు, ఆటోవాళ్లతో బేరాలు మొదలవుతాయి, రోడ్డంతా తడిగానే ఉంటుంది, మీ చేతిలో గొడుగు ఉండదు. ఆ మొదటి అరగంట పోతే టైర్లు తిరిగిన దారి ఆరిపోయి రోడ్డు మీద వెలుగు ముక్కలు ముక్కలవుతుంది, అప్పుడు ఎంత తంటాలు పడ్డా ఆ నిగనిగ రాదు.

వానలో కూడా అన్నీ ఒకటి కావు. తుంపరకి గాలిలో ఒక పొగమంచు లాంటిది ఏర్పడి లైట్ల చుట్టూ వలయాలు కడుతుంది, చినుకులు విడిగా కనపడవు. జల్లుకి చారలు వస్తాయి. కుండపోత చూడటానికే గానీ ఫోటోకి పెద్దగా పనికిరాదు, యాభై అడుగుల అవతల అంతా బూడిదే. నాకు ఇష్టం ముసురు. మధ్యాహ్నం పట్టుకుని రాత్రిదాకా వదలదు, జనం దానికి అలవాటుపడి మామూలుగా పనులు చేసుకుంటూ ఉంటారు, మీరు తొందరపడక్కర్లేదు.

ఏ టైముకి బయల్దేరాలి?

జూలైలో హైదరాబాద్‌లో పొద్దు 6:50 ప్రాంతంలో గుంకుతుంది. అప్పటినుంచి పావుగంట, ఇరవై నిమిషాలు ఆకాశంలో నీలం మిగిలి ఉంటుంది, కింద షాపుల లైట్లు వెలిగి ఉంటాయి, రెండూ దాదాపు ఒకే స్థాయిలో ఉంటాయి కాబట్టి కెమెరాకి కష్టం ఉండదు. మబ్బు దట్టంగా ఉంటే ఆ నీలం ఇంకాస్త ముందే వస్తుంది, కాబట్టి ఆరున్నరకే అక్కడ ఉండండి. ఏడున్నర తర్వాత ఆకాశాన్ని ఫ్రేములోంచి తీసేయడమే మంచిది, ఊరి లైట్లు మబ్బుకి తగిలి వచ్చే ఆ మట్టిరంగు ఎవరికీ అందంగా అనిపించదు. తొమ్మిదిన్నర దాటితే కోఠి లాంటి చోట షట్టర్లు దిగిపోతాయి, షట్టరు దిగిందంటే దాని ముందున్న రంగు కూడా పోయినట్టే.

మా ఊళ్లో అన్నీ తెల్ల ఎల్‌ఈడీ వీధిదీపాలే, రంగు ఎక్కడ దొరుకుతుంది?

నిజమే, ఈ బాధ నాకూ ఉంది. పాత సోడియం దీపాల నారింజ వెలుగు పోయి ఊరంతా ఆపరేషన్ థియేటర్‌లా తయారైంది. అయితే ఆ సోడియం వెలుగు గురించి మనం అనుకునేంత గొప్పగా కూడా ఏం లేదు, దాని కింద ఎర్ర చీర, ఆకుపచ్చ చీర రెండూ గోధుమరంగు గోనెపట్టాలే.

రంగు కోసం వీధిదీపం వైపు చూడకండి, షాపు బోర్డుల ఎత్తులోపు ఏముందో చూడండి. మెడికల్ షాపు ముందు తిరిగే ఆకుపచ్చ ప్లస్ గుర్తు, జ్యూస్ సెంటర్ గులాబీ ట్యూబ్, ఇరానీ హోటల్ లోపలి పసుపు, మొబైల్ షాపు నీలం బోర్డు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో థియేటర్ల ముందు తెర, లాడ్‌బజార్‌లో గాజుల షాపుల తళతళ. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ రాతి గోడల మీద పడే పసుపు వెలుగు వాన తర్వాత తేనెలా ఉంటుంది. దుర్గంచెరువు మీది తీగల వంతెన 2020లో తెరిచినప్పటినుంచి రంగులు మారుతూ ఉంటుంది, అక్కడ నీళ్లు ఎలాగూ ఉంటాయి కాబట్టి వాన లేకపోయినా సగం పని అయినట్టే, కాకపోతే అందరూ తీసే ఫోటోనే మీకూ వస్తుంది.

ఇక ఆషాఢంలో బోనాలు. సరిగ్గా వానల నెల, గల్లీ గల్లీకి సీరియల్ సెట్లు, వేపాకు తోరణాలు, లాల్‌దర్వాజా నుంచి సికింద్రాబాద్ దాకా ఎక్కడికెళ్లినా తడి రోడ్డు మీద ఎరుపు, పచ్చ, నీలం. అది అయ్యేసరికి వినాయక చవితి మండపాలు. మన పంచాంగం ఫోటోగ్రాఫర్ల కోసమే రాశారా అనిపిస్తుంది ఒక్కోసారి.

ట్రాఫిక్ సిగ్నల్‌ని మర్చిపోకండి. ఒకే తడిరోడ్డు నిమిషంన్నరలో మూడు ఫోటోలు అవుతుంది. ఎర్రలైటు పడ్డప్పుడు బండ్ల బ్రేకు లైట్లు కూడా కలిసి రోడ్డంతా కుంకుమ ఒలికినట్టు ఉంటుంది, పచ్చలైటు పడ్డాక ఒక క్షణంపాటు ముందున్న రోడ్డు ఖాళీగా, ఆకుపచ్చగా మిగులుతుంది. నేను ఎదురుచూసేది ఆ ఒక్క క్షణం కోసమే.

వాన బాగానే పడుతోంది, ఫోటోలో ఒక్క చుక్కా కనపడటం లేదు. ఎందుకు?

లైటు మీ వెనక ఉంది కాబట్టి. చినుకు ఒక చిన్న గాజుగోళీ లాంటిది, దాని మీద పడిన వెలుగులో ఎక్కువ భాగం దాన్ని దాటి ముందుకే వెళ్తుంది, వెనక్కి వచ్చేది తక్కువ. అంటే లైటుకీ మీకూ మధ్యలో వాన ఉండాలి. వీధిదీపాన్నో బండి హెడ్‌లైటునో ఒక స్తంభం చాటునో మనిషి తల చాటునో పెట్టి, వెనక చీకటి గోడ ఉండేలా నిలబడండి, ఒక్కసారిగా వానంతా వెండిదారాల్లా బయటపడుతుంది. తెల్లటి గోడ ముందు ఎంత పెద్ద వానైనా మాయమే.

రెండోది షట్టర్ స్పీడు, అంటే కెమెరా ఎంతసేపు తెరుచుకుని వెలుగు తీసుకుంటుందో అది, 1/60 అంటే సెకనులో అరవయ్యో వంతు. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకి దాదాపు ఆరున్నర మీటర్ల వేగంతో పడుతుంది. 1/60లో తీస్తే పది సెంటీమీటర్ల చార, 1/500లో తీస్తే ఒక సెంటీమీటరు ముక్క. చారలు కావాలంటే 1/60 నుంచి 1/125 మధ్య ఉండండి. అర సెకను, సెకను పెడితే చారలు ఒకదానిమీద ఒకటి పడి పలచబడి ఏమీ లేనట్టు అయిపోతుంది. ట్రైపాడ్ పెట్టి పెద్ద ఎక్స్‌పోజర్ ఇచ్చి "వాన ఏది?" అని అడిగేవాళ్లందరికీ జవాబు ఇదే.

రోడ్డు మీద రంగులు కంటికి కనిపించినంత గాఢంగా ఎందుకు రావు?

ఎక్కువమంది నిలబడి, కెమెరా కంటికి ఆనించి, రోడ్డుని కిందికి చూస్తూ తీస్తారు. నిట్టనిలువుగా కిందికి చూస్తే నీటి పైపొర వెనక్కి పంపేది పడిన వెలుగులో 2 శాతం చుట్టూ మాత్రమే. చూపు ఎంత వాలుగా ఉంటే అది అంత పెరుగుతూ పోతుంది, రోడ్డుకి దాదాపు ఆనుకుని చూస్తే తడి తారు అద్దంలా మారుతుంది. కాబట్టి కూర్చోండి. కూర్చోవడం కాదు, మోకాలు దించి కెమెరాని జానెడు ఎత్తులోకి తీసుకెళ్లండి, ఫోన్ అయితే తలకిందులుగా పట్టుకోండి, అప్పుడు లెన్స్ నేలకి ఇంకా దగ్గరవుతుంది. ప్యాంటు పాడవుతుంది, తప్పదు.

పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసి సంచిలో పెట్టండి. అది సరిగ్గా ఈ మెరుపుని చంపడానికే పుట్టింది, పైగా వెలుగులో సగానికి పైగా తినేస్తుంది. రాత్రిపూట వానలో పోలరైజర్ పెట్టుకుని తిరిగిన ఒక సీజన్ మొత్తం నాకు అలాగే పోయింది, ఎవరూ చెప్పలేదు మరి.

ఇంకొకటి గమనించండి. తడి తారు మీద లైటు గుండ్రంగా పడదు, మీ వైపుకి పొడుగ్గా సాగి చారలా వస్తుంది, ఎందుకంటే గరుకుగా ఉన్న రోడ్డు మీద ఒక్కో చిన్న వాలూ ఆ వెలుగుని కొంచెం కొంచెంగా మీవైపు తిప్పుతుంది. ఆ చార ఎప్పుడూ లైటుకీ మీకూ మధ్య వరుసలోనే ఉంటుంది, మీరు రెండడుగులు పక్కకి జరిగితే అదీ జరుగుతుంది. అంటే ఎర్ర చారని ఫలానా మనిషి కాళ్ల కిందకి తెచ్చుకోవడం మీ చేతిలో, సరిగ్గా చెప్పాలంటే మీ కాళ్లలో ఉంది. ఈ ఒక్క సంగతి అర్థమయ్యాక నా ఫోటోలు సగం మారిపోయాయి.

నిలిచిన నీళ్లు వేరు. అక్కడ బోర్డు అక్షరాలు కూడా తలకిందులుగా స్పష్టంగా కనపడతాయి, మన తెలుగు అక్షరాల గుండ్రాలు అలా చూస్తే భలే ఉంటాయి. కానీ చినుకు పడుతూ ఉంటే ఆ బొమ్మ చెదిరిపోతుంది, కాబట్టి గుంట ఫోటోలకి వాన ఆగేదాకా ఓపిక పట్టండి.

కంపోజిషన్ సంగతి చెప్పండి. అన్ని రంగులూ ఉన్నా ఫోటో ఎందుకు గజిబిజిగా ఉంటోంది?

అన్ని రంగులూ ఉన్నాయి కాబట్టే. ఒక సాయంత్రం జరిగింది చెప్తాను.

సుల్తాన్‌బజార్ వెనక ఒక సందు మొదట్లో మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమె ఉంటుంది. తోపుడుబండి, దానిమీద నాలుగు కర్రలకి కట్టిన నీలం టార్పాలిన్ పట్టా, ఒక చిన్న ఇనప కుంపటి, ఒక వైరుకి వేలాడే తెల్ల బల్బు. వాన తుంపరగా పడుతోంది. నేను మొదట పది ఫోటోలు వీధంతా వచ్చేలా తీశాను, వెనక బట్టల షాపు గులాబీ, పక్కన సెల్ షాపు పచ్చ, ఆటోల ఎరుపు, అన్నీ ఉన్నాయి. ఇంటికొచ్చి చూస్తే పెళ్లిపందిరి. కన్ను ఎక్కడ ఆగాలో తెలీదు.

మర్నాడు మళ్లీ వెళ్లాను. ఈసారి బండికి ఎడమపక్కన, సందు చీకటివైపు తిరిగి నిలబడ్డాను. ఫ్రేములో నీలం పట్టా, కింద నిప్పులు, అంతే. ఆ తెల్ల బల్బు ఫ్రేముని పాడుచేస్తోంది, దాన్ని కర్ర చాటుకి వచ్చేలా నాలుగంగుళాలు వంగాను. ఆమె విసనకర్ర ఊపినప్పుడల్లా బొగ్గులు రగిలి ఆమె గడ్డం కింద, ముక్కు అంచున, గాజుల మీద నారింజ వెలుగు లేచి మళ్లీ తగ్గుతోంది. పట్టా అంచునుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి, ఒక్కో బొట్టూ పడేముందు నీలంగా మెరుస్తోంది. ఒక బొట్టు నిప్పు మీద పడి సుయ్యిమంది, కాస్త ఆవిరి లేచింది. ఫ్రేములో మూడొంతుల చీకటి. ఆమె కళ్లు కూడా సరిగా కనపడవు. అయినా చూసినవాళ్లందరికీ పొత్తు వాసన వచ్చింది అన్నారు, నాకు అంతకంటే ఏం కావాలి.

కాబట్టి నేను పాటించేది ఇది. ఒక రంగుని రాజు చేయండి, దానికి ఎదురు రంగు ఒకటి చిన్నగా, ఎక్కడో మూలన ఉండనివ్వండి. నీలానికి నారింజ, ఆకుపచ్చకి ఎరుపు. మూడో రంగు వస్తే జరగండి, వంగండి, దేనికైనా చాటుకి పంపండి. చీకటిని చూసి భయపడకండి, దానివల్లే రంగు నిలబడుతుంది. చీకటి మూలల్లో ఏముందో చూపించాలని ఐఎస్‌ఓ (అందిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె) పెంచుకుంటూ పోయేవాళ్ల ఫోటోలు పగలు తీసినట్టే ఉంటాయి.

ఇక ఫ్రేము నిలువుగా పెట్టి చూడండి. చారలు నిలువుగా సాగుతాయి కదా, అడ్డం ఫ్రేములో అవి తెగిపోతాయి. కింద సగానికి పైగా రోడ్డుకే ఇచ్చేయండి.

మనిషి లేకుండా ఖాళీగా అనిపిస్తోంది, మనిషి ఉంటే కదిలిపోతున్నాడు. ఏం చేయాలి?

మనిషి వెంట తిరగకండి. ముందు వెలుగు దొరికిన చోటు చూసుకుని, ఫ్రేము కట్టుకుని, ఫోకస్ పెట్టుకుని నిలబడండి. హైదరాబాద్‌లో ఏ గల్లీలో అయినా పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఆ చారమీద కాలు పెడతారు. తలమీద పాలిథిన్ కవరు పెట్టుకున్న మనిషి, పిల్లని చంకనేసుకుని చెంగు కప్పిన తల్లి, డెలివరీ కుర్రాడి బండి, ఎవరొస్తారో తెలీకపోవడంలోనే మజా. వెలుగు ఎదురుగా ఉంటే మనిషి నీడబొమ్మ అవుతాడు, అప్పుడు మీరు చూడాల్సింది కాళ్ల మధ్య ఎడం. రెండు కాళ్లూ కలిసిపోతే స్తంభంలా ఉంటుంది, అడుగు విప్పినప్పుడే నొక్కండి. నడిచేవాళ్లకి 1/125 చాలు, పరిగెత్తేవాళ్లకి 1/250.

సెట్టింగులు ఒక్క ముక్కలో చెప్పండి.

రా ఫార్మాట్ (కెమెరా తనంతట తాను సరిదిద్దకుండా దాచే ఫైలు), ఎఫ్ 1.8 లేదా 2 (లెన్స్ ద్వారం ఎంత తెరవాలో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ వెలుగు), 1/125, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200. అక్కడ మొదలుపెట్టి మార్చుకోండి. చవకగా దొరికే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ ఈ పనికి చక్కగా సరిపోతుంది, ఖరీదైన జూమ్ లేదని ఆగిపోకండి.

బోర్డులు తెల్లగా కాలిపోతున్నాయి, రంగు మిగలడం లేదు.

కెమెరా చీకటిని చూసి కంగారుపడి ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. మీరే ఒకటిన్నర, రెండు స్టాపులు తగ్గించండి, అంటే మైనస్ వైపు, ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది. బోర్డులో రంగు కనపడే దాకా తగ్గించి, మిగతాది చీకటికి వదిలేయండి.

ఎర్ర ఎల్‌ఈడీ, నీలం ఎల్‌ఈడీ ఇంకా మోసం చేస్తాయి. మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫు) బాగానే ఉన్నట్టు చూపిస్తుంది, కానీ ఎరుపు ఛానెల్ ఒక్కటే నిండి పొంగిపోయి ఉంటుంది, ఫోటోలో అది వివరం లేని ఎర్రముద్ద. మీ కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూపించే సదుపాయం ఉంటే ఆన్ చేయండి. అసలు బోర్డునే ఫ్రేములోంచి తీసేసి, దాని వెలుగు పడ్డ రోడ్డునో మొహాన్నో గోడనో తీస్తే ఈ గొడవే ఉండదు.

ఫోటోలో అడ్డంగా నల్ల పట్టీలు వస్తున్నాయి, కెమెరా పాడైందా?

పాడవలేదు, టెన్షన్ పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దానితో నడిచే చాలా లైట్లు సెకనుకి వందసార్లు తగ్గి పెరుగుతుంటాయి, కంటికి తెలీదు గానీ కెమెరాకి తెలుస్తుంది. 1/50 లేదా 1/100 పెట్టి చూడండి, ఎక్కువసార్లు పోతాయి. సైలెంట్ షట్టర్ ఆన్‌లో ఉంటే ఆపేయండి. అక్షరాలు పరిగెత్తే ఎల్‌ఈడీ బోర్డులది వేరే లెక్క, వాటికి 1/30 దాకా దిగితేగానీ అక్షరం పూర్తిగా పడదు.

వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచితే సరిపోదా?

సరిపోదు. ఆటో అంటే రంగుని తెలుపు చేయడమే దాని ఉద్యోగం, మీరు వానలో తడిసి నిలబడింది ఆ రంగు కోసం. నేను 3800, 4000 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత) దగ్గర కట్టేసి వదిలేస్తాను. అక్కడ పసుపు బల్బు పసుపుగానే, తెల్ల ఎల్‌ఈడీ కాస్త నీలంగా వస్తాయి. 3200కి దిగితే ఊరంతా చల్లగా, నీలంగా, కొంచెం దిగులుగా మారుతుంది, ఖాళీ బస్టాపులకి బాగుంటుంది. రా ఫార్మాట్‌లో తర్వాత మార్చుకోవచ్చు కదా అంటారు, మార్చుకోవచ్చు, కానీ అక్కడ స్క్రీన్ మీద ఏ రంగు కనపడుతుందో దాన్నిబట్టే మీరు ఏం తీయాలో నిర్ణయించుకుంటారు.

నా దగ్గర ఫోన్ మాత్రమే ఉంది.

చాలు. ముందు లెన్స్ తుడవండి, వేలి జిడ్డు ఉంటే ప్రతి లైటుకీ ఒక మసక తోక వస్తుంది. నైట్ మోడ్ ఆపేయండి, అది నాలుగైదు ఫ్రేములు కలిపి కుట్టేటప్పుడు కదిలే చినుకులన్నిటినీ చెత్త అనుకుని ఊడ్చేస్తుంది, నీడల్ని బలవంతంగా లేపుతుంది. ప్రో మోడ్ ఉంటే 1/60, ఐఎస్‌ఓ 800తో మొదలుపెట్టండి. లేకపోతే వెలుగున్న చోట వేలితో నొక్కిపట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగండి. డిజిటల్ జూమ్ వద్దు, నడవండి. తడి వేళ్లకి స్క్రీన్ పలకదు, వాల్యూమ్ బటన్‌తో క్లిక్ చేయండి.

బస్సు కిటికీలోంచి, కారు అద్దంలోంచి తీస్తే ఎలా ఉంటుంది?

నా దృష్టిలో మొదలుపెట్టేవాళ్లకి ఇదే అన్నిటికంటే మంచి బడి. సిటీ బస్సులో కిటికీ సీటు, టికెట్ డబ్బులు తప్ప ఖర్చు లేదు, తడవరు. లెన్స్ అద్దానికి దగ్గరగా పెట్టి చుక్కల మీద ఫోకస్ చేస్తే వెనక లైట్లన్నీ రంగు బిళ్లలవుతాయి. అందరూ ఇక్కడే ఆగిపోతారు. నేనైతే చుక్కల్ని మసకగా వదిలి, బయట గొడుగులో నిలబడ్డ మనిషి మీద ఫోకస్ పెడతాను, అప్పుడు అద్దం మీది నీళ్లు ఆ మనిషిని రంగుల్లో కరిగించినట్టు చేస్తాయి. లోపలి లైటు అద్దంలో కనపడుతుంటే నల్ల చున్నీనో జర్కినో లెన్స్ చుట్టూ కప్పండి. కారులో అయితే పక్కసీటులోంచి మాత్రమే, స్టీరింగ్ పట్టుకుని ఒక చేత్తో ఫోటోలు తీసేవాళ్లతో నాకు మాటల్లేవు.

ఫ్లాష్ వాడొచ్చా? రంగు లైట్లు నేనే పట్టుకెళ్లొచ్చా?

కెమెరా మీదున్న ఫ్లాష్ వద్దు, లెన్స్ ముందున్న చినుకులన్నీ తెల్ల బఠాణీల్లా వస్తాయి. కొందరికి అదీ నచ్చుతుంది, ఒకసారి సరదాగా చూడండి. ఫ్లాష్ మనిషి వెనక పెట్టి మీవైపు పేలిస్తే మాత్రం వాన మొత్తం మనిషి చుట్టూ మెరుస్తూ ఆగిపోతుంది.

సొంత రంగుకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. స్టేషనరీ షాపులో రంగు జిలెటిన్ పేపర్ దొరుకుతుంది, చిన్న ఎల్‌ఈడీ టార్చికి చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. అంతకంటే తేలికైన ఉపాయం గొడుగు. పలచటి ఎర్ర గొడుగు పట్టుకున్న మనిషిని వీధిదీపం కింద నిలబెడితే ఆ బట్టే ఫిల్టర్, మొహమంతా దానిమ్మపువ్వు రంగు పులుముకుంటుంది. మా చెల్లిని అలా నిలబెట్టి తీసిన ఫోటోకి ఎన్ని లైట్లు వాడావని అడిగారు. మునిసిపాలిటీవాళ్లది ఒక్కటే వాడాను.

కెమెరా తడిస్తే? లెన్స్ మీద మంచు పడితే?

హోటల్ బాత్రూముల్లో ఇచ్చే షవర్ క్యాప్ కెమెరాకి సరిగ్గా సరిపోతుంది. లేకపోతే పాలిథిన్ కవరు, లెన్స్ దగ్గర రంధ్రం, ఒక రబ్బరు బ్యాండు. లెన్స్ హుడ్, అంటే లెన్స్ ముందు తగిలించే తొడుగు, తప్పనిసరి. జేబులో రెండు పాత కాటన్ బనియన్ ముక్కలు పెట్టుకోండి, ఒకటి తడిశాక రెండోది కావాలి.

ఏసీ కారులోంచి దిగిన వెంటనే కెమెరా తీయొద్దు. చల్లటి గాజు మీద మన వానాకాలపు గాలి తగిలితే క్షణంలో ఆవిరి పట్టేస్తుంది, తుడిచినకొద్దీ మళ్లీ పడుతుంది. సంచి జిప్పు వేసి ఉంచి ఇరవై నిమిషాలు, అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి, ఈలోపు టీ తాగండి.

ఒంటరిగా వెళ్లడం క్షేమమేనా?

దొంగల కంటే నాకు నీళ్లంటే భయం. రోడ్డు మీద నిలిచిన నీళ్ల కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో పైనుంచి తెలీదు, ఫోటో ఎంత బాగున్నా ఆ నీళ్లలోకి దిగొద్దు. కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, మండపాల దగ్గర వేలాడే సీరియల్ సెట్ల వైర్లు, వీటికి దూరంగా ఉండండి, ఇనప స్తంభానికి ఆనుకుని ఫ్రేము కట్టే అలవాటుంటే మానుకోండి. ఉరుము వినపడితే లోపలికి. రోడ్డు మీద వంగి కూర్చున్నప్పుడు వెనక చూసేవాళ్లు ఒకరు ఉంటే మంచిది, వానలో బ్రేకులు పడవు.

జనం ఫోటోలు తీస్తే ఏమనరా?

నీడబొమ్మలకి ఎవరూ పట్టించుకోరు. మొహం కనపడేలా తీస్తే ముందో వెనకో అడగండి, ముఖ్యంగా ఆడవాళ్లని. వద్దంటే వాళ్ల ముందే డిలీట్ చేసేయండి. ఆ పొత్తులామెకి ఫోటో ప్రింటు వేయించి ఇచ్చాను, "ఇందులో నా మొహమేది నాయనా" అని తిట్టి, తర్వాత బండికి తగిలించుకుంది.

ఎడిటింగ్‌లో ఏం చేస్తారు?

తక్కువే. నలుపుని నలుపుగా ఉంచుతాను, షాడోస్ స్లయిడర్ ముట్టుకోను. శాచురేషన్ పెంచే బదులు, పొంగిన ఎరుపు, నీలాల వెలుతురు తగ్గిస్తే రంగు తానే చిక్కబడుతుంది. గ్రెయిన్ (ఫోటోలో ఇసక చల్లినట్టు కనపడే గరుకు) ఉంటే ఉండనివ్వండి, నాయిస్ రిడక్షన్ గట్టిగా వేస్తే చినుకులు కూడా పోయి రోడ్డు ప్లాస్టిక్‌లా తేలుతుంది. ఊదా, నీలం కుమ్మరించి పాతబస్తీని టోక్యో చేసే ప్రీసెట్లు, అంటే రెడీమేడ్ ఎడిటింగ్ సెట్టింగులు, ఉన్నాయి చూశారూ, అవంటే నాకు ఒళ్లుమంట. చార్మినార్ దగ్గర వెలుగు పసుపు, తడి రాతి పలకల మీద కూడా పసుపే, దాన్ని అలా ఉండనివ్వడానికి ఏం ఇబ్బంది?

అర్ధరాత్రి చీకటిగదిలో ఎడిట్ చేసింది వెంటనే పోస్ట్ చేయకండి. చీకట్లో స్క్రీన్ ఎక్కువ వెలుగ్గా అనిపించి మీరు ఫోటోని మరీ నల్లగా చేసేస్తారు. పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి చూసి సరిచేయండి.

ఎవరి ఫోటోలు చూసి నేర్చుకోవాలి?

సాల్ లైటర్. న్యూయార్క్‌లో ఉండేవాడు, 2013లో పోయాడు, బొమ్మలు వేసే మనిషి కూడా కాబట్టి ఆవిరి పట్టిన అద్దాలు, గొడుగులు, ఎర్రటి ఒక్క ముక్క, మిగతాదంతా మసక, ఇలా ఫ్రేము కట్టేవాడు. పారిస్ రాత్రుల్ని 1930లలో నలుపు తెలుపులో తీసిన బ్రసాయి దగ్గర చీకటిని ఎలా వాడాలో చూడండి. మనవాళ్లలో రఘుబీర్ సింగ్. రంగుని మనదేశం కళ్లతో చూశాడు, వానలో ఒకరినొకరు హత్తుకుని నిలబడ్డ ఆడవాళ్లని 1967లో బీహార్‌లో తీసిన ఆయన ఫోటో ఒక్కటి పది నిమిషాలు చూసి, ఆ తర్వాత బయటకు వెళ్లండి. అది పగలు తీసిందే, అయినా వెళ్లండి.

ఇంటికొచ్చాక ముందు ఏం చేయాలి?

పైపైన తుడిచి, ఆ తర్వాతే బ్యాటరీ, కార్డు తలుపులు తెరవండి, తుడవకుండా తెరిస్తే అంచున ఉన్న నీళ్లు లోపలికి జారతాయి. లెన్స్ విప్పకుండా ఫ్యాను కింద పెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టకండి, పిండి దుమ్ము తప్ప ఒరిగేది ఏమీ లేదు. నేను ఒకసారి పెట్టి, తర్వాత ఒక రిపేరు షాపులో జూమ్ రింగ్ సందుల్లోంచి నూక గింజలు తీయించుకున్నాను, ఆయన ఎన్ని గింజలో లెక్కపెట్టి మరీ చెప్పాడు. సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బా ఒకటి ఉంటే రాత్రంతా అందులో ఉంచండి. బూట్లలో పాత పేపర్లు కుక్కండి, రేపు మళ్లీ ముసురేనట.